వాన గొట్టంలో చప్పుడు

వరద తగ్గాక మా ఇంట్లో బురద తీయడానికి తెచ్చుకున్న వాక్యూమ్ మిషనే చివరికి నాకు వ్యాపారం అయింది. విజయవాడలో వాగు పొంగి కాలనీలకు కాలనీలు మునిగిన ఏడాది అది. మా ఆయన మోటార్లకు వైండింగ్ చేసే షాపు కూడా అందులోనే పోయింది. పోయిందంటే కొట్టుకుపోలేదు. నీళ్ళు తీశాక షట్టరు ఎత్తితే అన్నీ ఉన్నచోటే ఉన్నాయి, కాకపోతే అన్నీ ఒకే రంగులో ఉన్నాయి. చేటలతో ఎత్తిపోస్తే తరిగే బురద కాదది. ఆయన తెలిసినవాళ్ళ దగ్గర నుంచి, తడినీ పొడినీ కూడా పీల్చే పెద్ద మిషను ఒకటి పట్టుకొచ్చారు. మా ఇల్లయ్యాక పక్కింటివాళ్ళు అడిగారు. వాళ్ళదయ్యాక వెనక వీధివాళ్ళు. వద్దంటున్నా చేతిలో ఏదో ఒకటి పెట్టి పంపేవాళ్ళు.

మా ఆడపడుచు, అంటే మా ఆయన చెల్లెలు, అప్పట్లో మా దగ్గరే ఉండేది. ప్రైవేటు స్కూల్లో టీచరు పని మానేసి ఇంకేం చేయాలా అని చూస్తోంది. పొడుగు మనిషి, చేతులు బలమైనవి, నోరు ఒక్క క్షణం ఊరుకోదు. ఆమెకే ముందు తట్టింది. ఒకరోజు ఒకరింట్లో బురద తీస్తుంటే గోడ పైనుంచి నీళ్ళు కారుతున్నాయి.

"వరద కింద నుంచి కదా వచ్చింది, ఇవి పైనుంచి వస్తున్నాయేంటి వదినా?" అంది.

వెళ్ళి చూస్తే చూరు దోనె పూడిపోయి ఉంది. పెంకుటిళ్ళకీ, రేకుల షెడ్లకీ కప్పు అంచున వాన నీళ్ళు పట్టే రేకు కాలవ ఉంటుందే, దాన్నే మా వైపు దోనె అంటారు. అందులో పడ్డ నీళ్ళు గొట్టంలోంచి కిందికి దిగాలి. ఆకులో, కాకి గూడో అడ్డం పడితే వెనక్కి తన్ని గోడలోకి దిగుతాయి. నిచ్చెన వేసుకుని ఎక్కి తీసే మనుషులు దొరకడం లేదు, దొరికినా నాలుగు పెంకులు పగలగొట్టి గానీ దిగరు.

మా మిషనుకి తగిలించే సరంజామా ఉంటుందని మా ఆయనే వెతికి తెప్పించారు. ఒకదాంట్లో ఒకటి దూర్చే తేలికపాటి గొట్టాలు, చివర కొక్కెంలా వంగిన మూతి, ఆ మూతి పక్కన వేలెడంత కెమెరా. నేల మీద నిలబడి ఫోన్లో చూసుకుంటూ పైన శుభ్రం చేయచ్చు. నిచ్చెనెక్కే పని లేదు కాబట్టి ఆడవాళ్ళం చేయచ్చు అనుకున్నాం. బోర్డు మీద గట్టర్ క్లీనింగ్ అని రాయించాం. ఇక చూడండి, ఫోన్లే ఫోన్లు. అందరూ మురిక్కాలవల గురించే.

"మా వీధిలో మ్యాన్‌హోల్ పొంగుతోందమ్మా, ఎప్పుడొస్తారు?"

"మేం కాలవలు తీయమండీ, ఇంటి పైన దోనెలు..."

"పైనేముంటుందమ్మా, కంపు ఇక్కడ కొడుతుంటే!"

బోర్డు తీయించి తెలుగులో, ఇంటి చూరు దోనెలు, వాన గొట్టాలు అని మళ్ళీ రాయించాం. మొదటి బేరం కంకిపాడులో వచ్చింది. రైసుమిల్లు ఉన్న వాళ్ళిల్లు. ఇద్దరాడవాళ్ళు పొడుగాటి గొట్టం పట్టుకుని నిలబడేసరికి వీధి వీధంతా వచ్చింది. నేను కంగారులో పైపుని తప్పు మూతికి తగిలించాను. పీల్చాల్సింది కాస్తా ఊదింది. ఏళ్ళ నాటి కుళ్ళిన ఆకులన్నీ ఇంటాయన తెల్లచొక్కా మీదకొచ్చాయి. ఆయన మంచివాడు కాబట్టి నవ్వి ఊరుకున్నాడు. మా ఆడపడుచు మాత్రం ఇప్పటికీ ఎవరో ఒకరికి ఆ కథ చెబుతూనే ఉంటుంది.

పని చేతికొచ్చాక నాకు ఒక సంగతి తెలిసింది. ఇల్లు కింది నుంచి ఒకలా ఉంటుంది, ఆ కెమెరాలోంచి ఇంకోలా ఉంటుంది. ఫోన్లో ఆ చిన్న చదరంలో, మసక వెలుతురులో, పొడుగ్గా ఒక సొరంగంలా కనిపిస్తుంది దోనె. అందులో పావురాల ఎముకలు, పిల్లల బంతులు, ఎండిన మామిడి టెంకలు, ఎప్పుడో ఆరేసి మరిచిపోయిన జాకెట్టు గుడ్డలు. వరద వచ్చిన కాలనీల్లో ఇంకా రకరకాలు దొరికేవి. జనం డాబాల మీదా కప్పుల మీదా గడిపారు కదా. కొవ్వొత్తి ముక్కలు, డ్రోన్లతో పడేసిన పులిహోర పొట్లాల కవర్లు, నీళ్ళ సీసా మూతలు. కింద గోడలకి సున్నాలు వేసుకుని, సోఫాలు కొనుక్కుని అందరూ మామూలైపోయారు. పైన మాత్రం ఆ రోజులు అలాగే పడి ఉన్నాయి. మూతి దగ్గరికి తీసుకెళ్ళగానే ఒక్కొక్కటీ కదిలి, తిరిగి, గొట్టంలోకి వెళ్ళిపోయేవి. నాకు ఏదోలా ఉండేది.

ఆ మరుసటి ఏడు తొలకరి పడ్డాక ఒకావిడ ఫోన్ చేశారు. పెద్దావిడ గొంతు, తడబడుతోంది.

"వాన గొట్టాలు బాగుచేసేది నువ్వేనా అమ్మాయ్? మా ఇంటికొకసారి రావాలి. వాన పడితే మా తలుపు ఎవరో తడుతున్నారు."

"తలుపా అండీ?"

"వీధి తలుపు. తీసి చూస్తే ఎవరూ ఉండరు. మా ఆయన గొట్టంలో చప్పుడంటున్నారు. అదేదో నువ్వే చూసి చెప్పు."

మర్నాడు పొద్దున్నే వెళ్ళాం. మబ్బు పట్టి ఉంది, వాన లేదు. ఆ సందులో ఇళ్ళన్నిటి మీదా ఒకే ఎత్తున గోధుమరంగు గీత ఉంది, నీళ్ళు నిలిచినచోట. కొందరు దాని మీద రంగు వేసినా కింద నుంచి కనబడుతూనే ఉంది. ఆ ఇంటికి ఆ గీత కిటికీల కిందిఅంచు దాకా ఉంది. పాత బెంగుళూరు పెంకుటిల్లు. ముందు వైపు పోర్టికో, దాని మీద చిన్న డాబా. ఆ డాబాకి మెట్లు లేవు. పెంకుల వాలు వచ్చి డాబాని తాకేచోట దోనె ఉంది. దాని గొట్టం వీధి తలుపు పక్కనే గోడవారగా కిందికి దిగుతుంది.

ఆవిడకి అరవై ఏళ్ళుంటాయి. సన్నగా, చల్లగా మాట్లాడే మనిషి. చూడగానే నా నోటికి పిన్నిగారూ అని వచ్చింది, ఆవిడ భర్త బాబాయిగారైపోయారు. ఆయన బ్యాంకులో చేసి రిటైరయ్యారు. మాకు కాఫీ ఇచ్చి పిన్నిగారు గుమ్మంలోనే నిలబడిపోయారు.

"ఒక మాట అడుగుతాను, ఏమనుకోకండి. వరదప్పుడు మీరు గానీ ఈ సందులోకి వచ్చారా?"

"లేదండీ, మేమే మునిగి ఉన్నాం," అన్నాను.

"అయితే మీరు నన్ను చూడలేదు."

మాకేం అర్థం కాలేదు. బాబాయిగారు విసుగ్గా పేపరు మడిచారు. "మొదలెట్టావా? ముందు వాళ్ళని పని చేసుకోనీ."

ఆవిడ ఆగలేదు. వరద రోజుల్లో వాళ్ళిద్దరూ ఇక్కడ లేరట. ముందురోజే మైలవరంలో బాబాయిగారి తమ్ముడింటికి వెళ్ళారు, నీళ్ళన్నీ తీశాకే వచ్చారు. కానీ వచ్చిన దగ్గర నుంచీ సందులో ఎవరు కనబడినా, పాపం డాబా మీద ఒక్కరే ఎంత అవస్థ పడ్డారండీ అని ఆవిణ్ణే పలకరిస్తున్నారు. నేను లేనండీ అంటే అదోలా చూస్తున్నారు.

మా మాటలు విని కాబోలు ఎదురింటావిడ గేటు దగ్గరికి వచ్చారు. వాళ్ళది రెండంతస్తుల మేడ. మా ఆడపడుచు ఊరుకోకుండా అడిగేసింది.

"మీరు చూశారాండీ?"

"చూడ్డమేంటండీ, మా మేడ మీంచి రోజూ చూస్తూనే ఉన్నాం. ఆవాలరంగు చీర, ఈవిడ పండగలకి కట్టేదే. పిలిస్తే చెయ్యి కూడా ఊపారు." తర్వాత పిన్నిగారి వైపు తిరిగి మెల్లిగా అన్నారు. "భయంలో కొన్ని గుర్తుండవంటారు లెండి. మా చిన్నదానికీ అంతే."

పిన్నిగారు గుమ్మంలోంచి లోపలికి తిరిగారు. ఆ చీర వరద తర్వాత కనబడలేదని, ఎవరికైనా ఇచ్చేశానేమో అనుకున్నానని ఆవిడ లోపలికి వచ్చాక మాతో అన్నారు. అన్నప్పుడు ఆవిడ తన ఒంటి మీద చీరని చేత్తో తడుముకుంటున్నారు.

మేం గొట్టాలు బిగించి పైకెత్తాం. మా ఆడపడుచు గొట్టం పట్టుకుంది, నేను ఫోను పట్టుకున్నాను. కెమెరా డాబా అంచు దాటి దోనెలోకి వంగింది. ముందు ఆకులు, నల్లటి మెత్తటి మట్టి. తర్వాత ఒక పులిహోర కవరు. ఇంకో కవరు. బిస్కెట్ కాగితం. సుగరు మాత్రల అట్ట, ఖాళీది. ఆకుపచ్చ చేతిగాజుల ముక్కలు. అన్నీ దోనెలో ఒకే చోట ఉన్నాయి, డాబా మీద కూర్చుని పెంకులకి వీపు ఆనిస్తే పక్కన చెయ్యి పడేచోట.

పిన్నిగారు నా భుజం మీంచి చూస్తున్నారు. ఊపిరి నా చెవికి తగులుతోంది.

"ఎవరో ఉన్నారు," అన్నారు.

"గాలికి కొట్టుకొచ్చుంటాయి," అన్నారు బాబాయిగారు. కానీ ఆయనా వచ్చి ఫోన్లోకి వంగి చూశారు.

గాజు ముక్కలు గొట్టంలో గలగలమంటూ దిగాయి. ఆ తర్వాత మూతిని వాన గొట్టం నోటి దగ్గరికి జరిపాం. మిషను చప్పుడు ఒక్కసారిగా మారింది. ఏదో అడ్డం పడి మూలిగినట్టుగా మోగింది. కెమెరాలో గొట్టం నోట్లోంచి తాడు లాంటిది బయటికి వేలాడుతూ కనిపించింది.

"లంగా బొందు వదినా అది," అంది మా ఆడపడుచు.

మిషను ఆపాం. బాబాయిగారు నిచ్చెన తెచ్చి వేశారు. ఆమె ఎక్కి డాబా మీదకి వంగి, ఆ బొందు పట్టుకుని లాగింది. రాలేదు. తిప్పి తిప్పి లాగితే గొట్టంలో టక్, టక్ అని చప్పుడైంది, సరిగ్గా తలుపు పక్కన.

పిన్నిగారు రెండు చెవులూ మూసుకున్నారు. "అదే. అదే చప్పుడు."

బొందు చివర ఒక చిన్న స్టీలు గ్లాసు కట్టి ఉంది. వాన నీళ్ళు గొట్టంలో దిగినప్పుడల్లా అది లేచి, పడి, వంపులో కొట్టుకుంటోందన్నమాట. బాబాయిగారు తేలిగ్గా నవ్వారు. "చెప్పానా? దయ్యమూ లేదు, ఏమీ లేదు. గ్లాసు!"

ఎవరికీ నవ్వు రాలేదు. ముందు అడిగింది పిన్నిగారే. "గ్లాసుకి బొందు ఎందుకు కట్టారు?"

తలుపు మీద గాలికోసం పెట్టిన అద్దం కిటికీ కొత్తది. పాతది వరదలో పగిలిందట. డాబా పక్కంచున, గోడవారగా ఆ బొందు వదిలితే గ్లాసు సరిగ్గా ఆ అద్దం దగ్గరికి వస్తుంది. మా ఆడపడుచు పైనుంచి వదిలి చూపించింది. గ్లాసు కొత్త అద్దం ముందు ఊగుతూ ఆగింది. తట్టడానికి కట్టారు. లోపల ఎవరైనా ఉన్నారేమోనని తట్టడానికి.

అప్పుడు పిన్నిగారు లోపలికి నడిచారు. మమ్మల్ని రమ్మన్నారు. వంటింటి పక్కగదిలో అటక ఉంది, దాని మీద ఒక రేకు పెట్టె, కొన్ని జాడీలు. నీళ్ళు అంత ఎత్తు రాలేదు. అటక పైన కప్పులో రెండు పెంకులు మిగతావాటికంటే కొంచెం పక్కకి జరిగి, సన్నగా వెలుతురు పడుతోంది.

"ఊరి నుంచి వచ్చినరోజు అటక మీద దుప్పటి మడత పెట్టి ఉంది," అన్నారావిడ. "నేను నాలుగు మడతలు పెడతాను. అది మూడు మడతలు ఉంది. ఈయన పెట్టారనుకున్నాను."

బాబాయిగారు నెమ్మదిగా అన్నారు. "నేను అటక ఎక్కి ఎన్నేళ్ళయింది?"

ఉసిరికాయ పచ్చడి జాడీ ఖాళీగా ఉండటం కూడా ఆవిడ చూశారట. ఎలుకలనుకున్నారట. జాడీ కడిగినట్టు ఉంది, మూత బిగించి ఉంది. ఎలుకలు మూత బిగించవని ఆవిడకి తెలుసు. అయినా తనకు తాను అలా చెప్పుకుని ఇన్ని నెలలు ఆ గదిలోకి వెళ్ళి వస్తూ ఉన్నారు.

ఆ రోజు పని ముగించుకుని వచ్చేశాం గానీ, నాకు ఆ ఇల్లు వదల్లేదు. మన ఇంటి కప్పు మీద ఎవరో మన చీర కట్టుకుని కూర్చుంటే, ఊరంతా అది మనమే అనుకుంటే ఎలా ఉంటుందో అనిపించేది. పిన్నిగారు మాత్రం ఊరుకోలేదు. ఆ మనిషి బతికిందా లేదా తెలియాలన్నారు. చుట్టుపక్కల సందులన్నీ తిరిగి అడిగారు. మంచాన పడ్డ ముసలమ్మని చూసుకోవడానికి వెనక సందులో ఒక ఆయా ఉండేదని, వరద తర్వాత మళ్ళీ రాలేదని ఎవరో చెప్పారు. ఆ ముసలమ్మ వాళ్ళు వేరే కాలనీకి మారిపోయారు. వాళ్ళని పట్టుకుని ఆయా ఫోన్ నంబరు సంపాదించారు.

"ఫోన్ చేశానమ్మాయ్," అన్నారు నాతో. "ఫలానా ఇంటి నుంచి మాట్లాడుతున్నానంటే అవతల చప్పుడు లేదు. తర్వాత ఏడుపు. పెట్టేసింది. సాయంత్రం తనే చేసి, వస్తానంది. ఎల్లుండి మధ్యాహ్నం వస్తుంది. మీరిద్దరూ కూడా రండి. చూసింది మీరే కదా. నాకు ఒక్కదానికి భయంగా ఉంది."

"ఎందుకండీ భయం? మనిషే కదా."

"అచ్చం నాలాగే ఉంటే?" అన్నారు.

ఆ మధ్యాహ్నం నేనూ మా ఆడపడుచూ వెళ్ళేసరికి ఆవిడ వీధి తలుపుకి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నారు. ఉక్కగా ఉంది, ఆకు కదలడం లేదు. ఆటో ఆగిన చప్పుడైంది. గేటు తీసుకుని ఒక మనిషి వచ్చింది. పిన్నిగారిలా ఏమాత్రం లేదు. ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి, నల్లగా, నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకుని ఉంది. చేతిలో గుడ్డసంచి. కూచిపూడి అవతల పల్లెటూరట ఆమెది. గుమ్మంలోకి వచ్చి పిన్నిగారిని చూడగానే అక్కడే మెట్టు మీద కూలబడిపోయింది.

"బతికే ఉన్నారా అమ్మా! నా ప్రభువా, బతికే ఉన్నారా!"

పిన్నిగారు లేచి వెళ్ళి ఆమె పక్కన మెట్టు మీదే కూర్చున్నారు. బాబాయిగారు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చారు. ఆమె తాగి, కళ్ళు తుడుచుకుని, జరిగింది చెప్పింది.

"బోటొస్తే ముసలమ్మగార్నీ వాళ్ళ కోడల్నీ ఎక్కించానండీ. ఇంకో ట్రిప్పులో నిన్ను తీసుకెళ్తామన్నారు. రాలేదు. అది రేకులిల్లు, నీళ్ళు పెరిగిపోతున్నాయి. ప్రహరీలు పట్టుకుని పట్టుకుని మీ గోడ దాకా వచ్చాను. గోడ మీంచి ఈ డాబా అందింది. ఒంటి మీద చీర చిరిగి బురదైపోయింది. ఆకలి. పెంకులు జరిపి అటక మీదకి దిగాను. పెట్టెలో చీర తీసి కట్టుకున్నాను, పచ్చడి తిన్నాను. అడక్కుండా ముట్టుకున్నాను, తప్పేనండి."

"దానికేముందమ్మా," అన్నారు పిన్నిగారు.

"నా చేతిసంచిలో మాత్రలూ గ్లాసూ ఉన్నాయి. లంగా బొందుకి గ్లాసు కట్టి మీ తలుపు మీద అద్దాన్ని కొట్టాను. ఎవరూ పలకరేమో అనుకున్నాను." ఆమె పిన్నిగారి చేతులు పట్టుకుంది. "మీరు లోపల్నించి తట్టారు."

మా ఆడపడుచు నా వైపు చూసింది.

"మంచం తేలి తలుపుకి కొట్టుకునుంటుంది," అన్నారు బాబాయిగారు. "మేం వచ్చేసరికి మంచం తలుపు దగ్గరే బోర్లా పడుంది."

"కావచ్చండి. కానీ నేను కొట్టినంతసేపూ వచ్చేది కాదు. నేను ఆపాకే వచ్చేది. చీకటి పడితే భయమేసి తట్టేదాన్ని, అటు నుంచి తట్టేవారు. నేనొక్కదాన్నే కాదులే అనుకుని ఉండేదాన్ని. లేకపోతే ఆ నీళ్ళలోకి దిగిపోయేదాన్నమ్మా. దిగుదామనే అనిపించింది." ఆమె చెంగుతో ముఖం తుడుచుకుంది. "బోటు వాళ్ళొచ్చాక లోపల మనిషి ఉంది, తీయండి అని కాళ్ళావేళ్ళా పడ్డాను. తెడ్డుతో అద్దం పగలగొట్టి లైటేసి చూశారు. ఎవరూ లేరన్నారు. గ్లాసు ఆ దోనెలోనే జారిపోయింది, నన్ను రెక్క పట్టుకుని ఎక్కించేశారు. అప్పట్నించీ మిమ్మల్ని వదిలేసి వచ్చానన్న ఏడుపేనండీ నాకు. ఇటు రావాలంటే భయం. వచ్చి అడిగితే పోయిందని చెబుతారేమోనని."

పిన్నిగారు ఆమె ముఖంలోకి చూశారు. అన్ని నెలలుగా, కనబడ్డ ప్రతివాళ్ళతోనూ నేను లేనండీ, మైలవరంలో ఉన్నానండీ అని మొత్తుకున్న మనిషి ఆవిడ.

"నేనేనమ్మా," అన్నారు. "నేనే తట్టాను. నీ తర్వాత ఇంకో బోటొచ్చింది, నన్నూ తీసుకెళ్ళారు. నువ్వేం వదిలేయలేదు."

బాబాయిగారు ఖాళీ అయిన మంచినీళ్ళ చెంబు తీసుకుని లోపలికి వెళ్ళారు.

"మరి అటక మీంచి అంత పిలిచినా పలకలేదేంటమ్మా?"

"గొంతు రాలేదు," అన్నారు పిన్నిగారు. "చెయ్యే కదిలింది."

ఆ మనిషి ఆవిడ ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చింది. తెచ్చిన సంచిలో ఆవాలరంగు చీర ఉంది, ఉతికి, ఇస్త్రీ చేసి. పిన్నిగారు అది తీసుకోకుండా ఆమెనే ఉంచుకోమన్నారు. అన్నం కూడా పెట్టారు. బస్సు టైముకి బాబాయిగారే స్కూటరు మీద దింపి వచ్చారు. ఆమె వెళ్ళేటప్పుడు ఎదురింటావిడ గేటు దగ్గర నిలబడి చూశారు. డాబా మీద ఉన్నది ఈమేనండీ అని మా ఆడపడుచు చెబితే తల అడ్డంగా ఊపారు. "ఏమోనండీ. నాకు మాత్రం మా ఎదురింటావిడే అనిపించారు," అన్నారు.

పిన్నిగారు ఆయాతో చెప్పిన అబద్ధం నాకు నచ్చింది. ఇంత మంచి మనిషా అనుకున్నాను. అక్కడితో అయిపోయిందనుకున్నాను కూడా.

మరుసటి ఏడు వానలకి ముందు పిన్నిగారే మళ్ళీ పిలిచారు. పని చకచకా అయిపోయింది. దోనెలో ఆకులు తప్ప ఏమీ లేవు. మా ఆడపడుచు గొట్టాలు విప్పుతుంటే పిన్నిగారు గుమ్మం మెట్ల మీద కూర్చుని కబుర్లు మొదలుపెట్టారు. వరద మాట ఎలా వచ్చిందో గుర్తులేదు.

"నీళ్ళు నల్లగా ఉండేవమ్మాయ్," అన్నారు. "మంచం తేలొచ్చి నడుముకి తగిలేది. దాన్ని ఒక చేత్తో ఆపుకుంటూ ఇంకో చేత్తో తట్టేదాన్ని. వేళ్ళు తిమ్మిరెక్కిపోయాయి. అద్దంలోంచి గ్లాసు ఊగడం కనబడేది, సన్నగా మెరుస్తూ."

నేను నవ్వబోయాను, ఆయా కోసం చెప్పిన అబద్ధాన్ని సరదాగా సాగదీస్తున్నారేమోనని. ఆవిడ ముఖంలో సరదా లేదు. కిందటేడు ఊరికి వెళ్ళొచ్చిన సంగతి చెబుతున్నంత మామూలుగా చెబుతున్నారు. కుడిచేతి వేళ్ళు ఎడమ అరచేత్తో రుద్దుకుంటున్నారు.

మేం బయల్దేరుతుంటే బాబాయిగారు గేటు దాకా వచ్చారు. ఆటోలో మిషను ఎక్కించడానికి చెయ్యి వేసి, వెనక్కి ఒకసారి చూసి, గొంతు తగ్గించారు.

"ఈమధ్య అలాగే చెబుతోంది. డాక్టరుకి చూపించాను. ఏమీ లేదన్నాడు."

"దిగులు పడకండి బాబాయిగారూ. ఆయాకి చెప్పిన మాట మనసులో నాటుకుపోయుంటుంది."

"అదే అయ్యుండాలి." ఆయన గేటు గడియ పట్టుకుని ఆగిపోయారు. "నీకొకటి చెప్పనా అమ్మా? మైలవరంలో ఉన్న ఆ రోజులన్నీ దానికి ఒళ్ళు కాలిపోయే జ్వరం. కళ్ళు తెరిచింది లేదు. మంచం గోడవారగా ఉంది. నిద్రలోనే చేత్తో గోడ తట్టేది. ఆగేది, మళ్ళీ తట్టేది. మా తమ్ముడి భార్య చెయ్యి పట్టుకున్నా ఆగేది కాదు. లేచాక అడిగితే ఏమీ గుర్తులేదంది. నేనెవరికీ చెప్పలేదు. దానికి కూడా చెప్పలేదు."

వెళ్ళొస్తామండీ అన్నాను. ఆయన తల ఊపి గేటు వేసుకున్నారు. పిన్నిగారు గుమ్మంలోంచి నవ్వుతూ చెయ్యి ఊపారు.

ఆటోలో మా ఆడపడుచు బెంజి సర్కిల్ దాటేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఆమె నోరు మూసుకుని కూర్చోవడం నేను అదే చూడటం. తర్వాత మెల్లిగా అడిగింది.

"జ్వరంలో చేతులు కొట్టుకోవడం మామూలే కదా వదినా?"

"మామూలే," అన్నాను.

కంకిపాడు వైపు ఇంకో ఇల్లు ఉంది ఆ రోజు. కొత్త రేకుల షెడ్డు, చుట్టూ కొబ్బరిచెట్లు. సామాను దించి గొట్టాలు బిగించాం. కెమెరా పైకి లేపి దోనె అంచున పెట్టాం. మిషను వేయాల్సింది నేను. స్విచ్చి మీద చెయ్యి పెట్టి కూడా వేయకుండా ఆగాను. మా ఆడపడుచు కూడా గొట్టం పట్టుకుని కదలకుండా నిలబడింది. ఇద్దరం ఆ ఇంటి తలుపు వైపే చూస్తున్నామని నాకు ఆలస్యంగా తెలిసింది.

"ఏంటండీ, కరెంటు లేదా?" అంది ఇంటావిడ.

"ఉందండీ," అని స్విచ్చి వేశాను. మిషను మోగడం మొదలుపెట్టాక ఇంకే చప్పుడూ వినబడలేదు.